పెన్సిల్‌ను లోపలికి రానివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరులో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పదో తరగతి పరీక్షలు అయిపోగానే మనవరాలిని వెంటబెట్టుకుని చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లొచ్చాను. అక్కడ ఒక రోజు గడిపాక, బొమ్మలు గీసుకోవడానికి పెన్సిల్‌ను లోపలికి రానివ్వమని మన మ్యూజియంల అధికారులను అడగాలనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

అర్ధరాత్రి విజయవాడలో రైలెక్కి పొద్దున సెంట్రల్‌లో దిగాం. శుక్రవారం సెలవని ముందే కనుక్కుని శనివారం వెళ్లాం. 1851లో మొదలైన మ్యూజియం అది. ఆవరణలో ఎన్నో భవనాలు, కన్నెమరా లైబ్రరీ కూడా అక్కడే. అన్నీ చూడాలంటే ఒక రోజు చాలదు. కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువెంగాడు అర్ధనారీశ్వరుడి దగ్గర కాసేపు నిలబడ్డాం. ఆ నడుము వంపు చూసి మనవరాలు మాట్లాడడం మానేసింది. కానీ నేను వెళ్లింది అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల రాళ్ల కోసం.

మన స్తూపం రాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లాయని ఆ పిల్ల అడిగింది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చూసేనాటికే వాటిని కొత్త కట్టడాలకు తవ్వుకుపోతున్నారు. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు కూడా. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. "మరి మిగిలినందుకు సంతోషించాలా, మన దగ్గర లేనందుకు బాధపడాలా అమ్మమ్మా?" అంది. రెండూ అన్నాను. ఇప్పటికీ నా జవాబు అదే.

ఆ రాళ్లను చాలామంది పాలరాయి అనుకుంటారు. అది మన పల్నాటి సున్నపురాయి. అందులో ఒక గుండ్రటి ఫలకం మీద నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కారు. దాని ఫొటో ఒక పాత పుస్తకంలో అగ్గిపెట్టంత ఉండేది. దాన్ని చూసే నేను ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పాను. ముందు వృత్తం గీయండి, లోపల ఏనుగు గీయండి, చుట్టూ మనుషుల్ని పెట్టండి అనేదాన్ని.

అసలు రాయి ముందు కూర్చున్నాక తెలిసింది, నేను ఎంత వదిలేశానో. పరీక్షలకు వాడిన అట్ట మీదే కాగితం పెట్టుకుని ఇద్దరం గీయడం మొదలుపెట్టాం. అరగంటకు మనవరాలు తలెత్తి, "అమ్మమ్మా, రెండు ఏనుగులున్నాయేంటి?" అంది. ఒకటే ఏనుగమ్మా, ఒకసారి వీధిలో మనుషుల మీద పడుతోంది, ఇంకోసారి బుద్ధుడి ముందు మోకరిల్లింది అని చెప్పాను. అప్పటిదాకా చూసిన బొమ్మే ఆ పిల్లకు కొత్తగా కనిపించింది. తొండానికి చిక్కిన మనిషిని, భయంతో పక్కవాణ్ణి పట్టుకున్న ఆడమనిషిని, పైనుంచి తొంగిచూసేవాళ్లను ఒక్కొక్కరినీ వెతికి వెతికి గీసింది. ముందున్న ఒళ్లు ఎంత లోతుగా చెక్కారో, వెనక ముఖాలు ఎంత పల్చగా తేల్చారో నాకూ చెయ్యి కదిలాకే అర్థమైంది. పదకొండుకు కూర్చున్నవాళ్లం ఒంటిగంటన్నర దాకా లేవలేదు. అక్కడ పనిచేసే ఒకాయన వచ్చి తమిళంలో ఏదో అన్నాడు. లేవమంటున్నాడేమోనని టెన్షన్ పడ్డాను. ఆయన వెళ్లి నా కోసం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. ఆ కుర్చీని నేను మరిచిపోలేను.

ఎందుకంటే, నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఇరవై రెండు మంది పిల్లలతో మన దగ్గరే ఒక మ్యూజియానికి వెళ్లాను. గుమ్మం దగ్గరే పెన్సిళ్లు, కాగితాలు తీయించి పక్కన పెట్టేశారు. పిల్లలు వరసలో నడిచి నలభై నిమిషాల్లో బయటికొచ్చారు. బస్సులో ఏం చూశారని అడిగితే ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారు. వాళ్ల తప్పు కాదు. నిలబడి చూసే తీరికే ఇవ్వలేదు.

విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. చిత్రకారుడి పేరు పెట్టుకున్న మ్యూజియం. అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధుడు అక్కడే ఉన్నాడు. ఆయన చీవరం, అంటే ఒంటి మీద కప్పుకున్న వస్త్రం, మడతలు గీస్తే చాలు, పిల్లలకు గీత మీద పట్టు వస్తుంది. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో అమరావతి మ్యూజియం ఉంది. ఈ రెండు చోట్లా పెన్సిల్, తెల్ల కాగితం లోపలికి రానివ్వండి. రంగులు వద్దు, నీళ్లు వద్దు, పెన్నులు కూడా వద్దు. రాయిని ముట్టుకోనివ్వం. ఒక మూల పది స్టూళ్లు వేయండి, పెద్దవాళ్లు కూడా కూర్చోవాలి కదా. గీసుకోవచ్చు అని గుమ్మం దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టండి. లేకపోతే అడగడానికి కూడా పిల్లలు జంకుతారు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం కేటాయిస్తే మా వీధి పిల్లలను నేనే తీసుకొస్తాను. అట్టలు, పెన్సిళ్లు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు.