ఈ బతుకమ్మకు డప్పులు అద్దెకు తీసుకునేవారికి ఒక విన్నపం

మా దుకాణంలో డప్పులు, కోలలు, గజ్జెలు అద్దెకు తీసుకునే కాలనీ సంఘాలకు, పాఠశాలలకు, మహిళా బృందాలకు నమస్కారం. కొత్త అద్దెల వివరాలు చెప్పేముందు నిరుడు మా వల్ల జరిగిన ఒక తప్పును మీ ముందుంచడం న్యాయమని భావిస్తున్నాము.

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండలోని ఒక అపార్ట్‌మెంట్‌ వేడుకకు పన్నెండు డప్పులు పంపాము. వాటిలో ఏడు ఫైబర్‌వి. ఆ సంగతి ముందుగా చెప్పలేదు, పైగా అన్నింటికీ తోలు డప్పుల అద్దే తీసుకున్నాము. ఊరేగింపుకు వచ్చిన ఒక పెద్దాయన ఫైబర్‌ డప్పును భుజానికి తగిలించుకుని, చిర్రతో, అంటే డప్పు వాయించే పొట్టి కర్రతో, ఒక్క దెబ్బ వేసి, "ఇది మోగుతాంది గని పలుకుత లేదు" అని పక్కన పెట్టేశారు. నేను అక్కడే ఉన్నాను. జవాబు చెప్పలేకపోయాను.

అలా ఎందుకు చేశామో కూడా చెప్పాలి. మేకతోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, చింతగింజల జిగురుతో చెక్క చట్రానికి అతికించి ఆరబెట్టిన డప్పు చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలయ్యే ఈ తొమ్మిది రోజుల్లో వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోవు. నిరుడు రెండు రోజులు ముసురు పట్టి మా దగ్గరున్న తోలు డప్పుల్లో సగం సాగిపోయాయి. ఎండుగడ్డి మంట మీద కాచితే తోలు బిగిసి మళ్లీ పలుకుతుంది, కానీ ఆ అపార్ట్‌మెంట్‌ ఆవరణలో మంట పెట్టడానికి అనుమతి లేదు. ఇవన్నీ కారణాలే గానీ, చెప్పకుండా ఫైబర్‌ పంపడానికి సాకులు కావు. అద్దెలో తేడా సొమ్మును ఆ సంఘానికి తిరిగి ఇచ్చేశాము.

ఇకపై తోలు డప్పుకు, ఫైబర్‌ డప్పుకు అద్దె వేర్వేరుగా ఉంటుంది, ఏవి ఎన్ని పంపుతున్నామో రసీదులో రాసి ఇస్తాము. తోలు డప్పులు కావాలనుకునేవారు, కాచుకోవడానికి ఆరుబయట కాస్త చోటు చూపించగలరో లేదో ముందే చెప్పాలని కోరుతున్నాము. వాయిద్యాలు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో మరోసారి కాచవలసి ఉంటుంది, ఆ పదినిమిషాల విరామం కార్యక్రమంలో ముందే పెట్టుకుంటే మైకు దగ్గర కంగారు ఉండదు. మూసిన హాలులో వేడుక చేసేవారికి ఫైబర్‌వే తీసుకోమని మేమే చెబుతాము.

మరో సంగతి. డప్పు అద్దెలో వాయించేవారి పారితోషికం కలిసి ఉంటుందని చాలామంది అనుకుంటున్నారు. అది కలిసి లేదు. ఇన్నాళ్లూ కళాకారులను మేమే కుదిర్చి, ఒక్కొక్కరి సొమ్ములోంచి వంద రూపాయలు మినహాయించుకునేవాళ్లం. తరతరాలుగా దరువు నేర్చినవారి కష్టంలోంచి ఆ వంద తీసుకోవడం మాకే సిగ్గనిపించి మానేశాము. వారితో మీరే నేరుగా మాట్లాడుకోవచ్చు, బేరం మాత్రం కూరగాయల బేరంలా చేయవద్దని మనవి.

2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిన తర్వాత కాలనీ వేడుకలు పెరిగాయి, మా వ్యాపారమూ పెరిగింది. అయితే కొందరు ఫొటోల కోసం నాలుగు డప్పులు తీసుకెళ్లి, రాత్రంతా డీజే పెట్టి, పొద్దున్నే గీత పడకుండా తెచ్చి ఇస్తున్నారు. అద్దె వచ్చింది కదా అంటే వచ్చింది, సంతోషం మాత్రం కలగలేదు.

కోలాటం కోలలకు, గజ్జెలకు పాత అద్దెలే. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ జడలా అల్లే జడ కోలాటం వేసేవారు మాత్రం సరి సంఖ్యలో ఎందరున్నారో చెబితే అన్ని తాళ్లు కట్టి పంపుతాము. అడుగు తప్పి జడ ముడిపడితే కత్తెర వేయకుండా అలాగే తెచ్చి ఇవ్వండి, మేము విప్పుకుంటాము. నిరుడు మూడు తాళ్లు ముక్కలై వచ్చాయి.

ఎంగిలిపూలకు వారం ముందుగా బుకింగ్‌లు ముగిస్తాము. ఫైబర్‌ డప్పుల చట్రాలకు నీలం రంగు పట్టీ వేసి వేరే గోడకు తగిలించాము. దుకాణానికి వచ్చి రెండింటినీ వాయించి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.