ఒరేయ్ బాక్స్ ఐటెం, ఇది మాత్రం నీకే చెప్పాలి

ఒరేయ్ బాక్స్ ఐటెం,

ముందు నాలుగు తిట్టేసి తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో కవరు మీద ముద్ర చూస్తే నాకే సిగ్గేస్తోంది. ఫోన్ చేద్దామంటే నేను ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు డెస్కులో ఉంటావు, నువ్వు ఖాళీ అయ్యేసరికి ఊరంతా నిద్రపోతుంది. వాట్సాప్‌లో ఇంత పెడితే మూడు లైన్లకి కోసేసుకుని చదువుతావని తెలుసు. అందుకే కాగితం. దీన్ని ఎడిట్ చేశావో, తాడేపల్లి ఆవు సంగతి మీ ఆవిడకి చెప్పేస్తా.

ఇంట్లో విశేషాలు: గవర్నరుపేట నుంచి పటమట మారాం. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. చిన్నది ఇంటర్ ఎంపీసీలో చేరింది. మా ఆవిడ నిన్ను అడిగానని చెప్పమంది. ఇంతటితో ఆకాశవాణి, విజయవాడ కేంద్రం, ప్రాంతీయ వార్తలు సమాప్తం.

ఇక అసలు సంగతి. నా జర్నలిజం క్లాసు నీకు తెలుసుగా. సగం మంది యాంకర్లవుదామని వచ్చారు. పావు వంతుకి అప్పుడే యూట్యూబ్ ఛానెళ్లున్నాయి. మిగిలినవాళ్లకి వేరే గ్రూపులో సీటు రాలేదు. కృష్ణాపత్రిక ఎప్పుడు పెట్టారంటే 1902, బందరులో అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఈరోజు పేపర్లో మొదటి పేజీ వార్త ఏంట్రా అంటే ఫ్యాన్ వైపు చూస్తారు. నోట్సు సంగతి చెప్పకు. పరువునష్టం అంటే ఐపీసీ సెక్షన్ 499 అని మనం బట్టీ పట్టామా, ఇప్పుడది కొత్త న్యాయ సంహితలో 356. ప్రెస్ రిజిస్ట్రేషన్‌కి 1867 చట్టం పోయి 2024 మార్చిలో కొత్తది అమల్లోకొచ్చింది. జిరాక్స్ షాపువాడు మాత్రం ఇంకా పాత నోట్సే అమ్ముతున్నాడు, మావాళ్లు పరీక్షలో అదే రాస్తున్నారు.

సరే, 2024లో బుడమేరు వాగు పొంగి వచ్చిన వరదకి ఏడాది నిండింది కదా. పిల్లలు నేర్చుకోడానికి వేసే పత్రిక, అదే ల్యాబ్ జర్నల్‌కి అదే అంశం ఇచ్చాను. వెళ్లేముందు తెలిసిందే రాసి చూపించమంటే, పదిమందిలో ఏడుగురు ‘ప్రకాశం బ్యారేజీ పొంగి సింగ్ నగర్ మునిగింది’ అని రాశారు! ఈ ఊళ్లో పుట్టినవాళ్లురా వీళ్లు. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద, ఇటు బుడమేరుకి గండ్లు, రెండూ ఆ రెండు రోజుల్లోనే వచ్చేసరికి అందరికీ కలిసిపోయింది. సింగ్ నగర్‌ని ముంచింది బుడమేరురా అని బోర్డు మీద వెలగలేరు రెగ్యులేటరు, గండ్లు పడ్డ కట్ట, సింగ్ నగర్, కింద కొల్లేరు గీసి గంటసేపు చెప్పాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నీ వచ్చేస్తాయి వీళ్లకి, ‘ఎందుకు’ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. మనమూ అంతేనా అప్పట్లో? నువ్వయితే అంతే.

సిటీ బస్సులో వెళ్లాం. వరదొచ్చిన ఆ ఆదివారం జనం నిలబడి పడవల కోసం చూసిన ఫ్లైఓవర్ ఉంది చూడు, దాని అవతల దిగాం. షరతు ఒకటే: ఫోన్లు బ్యాగుల్లో, చేతిలో నోట్‌బుక్కు. ఒక సందులోకి దూరితే కింద వాటాలో ఒకావిడ గుమ్మంలో కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. మా గడ్డం కుర్రాడు ముందుకెళ్లాడు (వాడికి గడ్డం తప్ప ఇంకా ఏదీ ఒత్తుగా లేదు). అడగనే అడిగాడు: “ఆంటీ, ఆరోజు మీకు ఎలా అనిపించింది?” నేను గోడవైపు తిరిగాను.

ఆవిడ చాలా ఓపిగ్గా చెప్పింది. తెల్లారి లేచేసరికి మంచం కిందకి నీళ్లొచ్చాయట, మధ్యాహ్నానికి పై వాటా వాళ్లింట్లో ఉన్నారట, మూడు రోజులు అక్కడే. వీడు తలూపుతూ గబగబా రాస్తున్నాడు. అంతా అయ్యాక ఆవిడ సూది జాకెట్టుకి గుచ్చి, “ఏం రాసుకున్నావో చదువు బాబూ” అంది.

ఒరేయ్, నేను ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా చదివి వినిపించండ్రా, చదివి వినిపించండ్రా అని!

వాడు గొంతు సవరించుకుని చదివాడు. “సర్వం కోల్పోయామంటూ ఆమె కన్నీటిపర్యంతమయ్యారు.”

“నేనెప్పుడేడిచానయ్యా? నవ్వుతానే చెప్పాగా” అంది. “సర్వం ఏం పోయింది? కుట్టుమిషను పోయింది, ఫ్రిజ్జు పోయింది, బియ్యం బస్తా పోయింది. పిల్లదాని సర్టిఫికెట్లు తడిస్తే ఆరబెట్టుకున్నాం. అందరం బాగానే ఉన్నాంగా. అవి రాసుకో.” వీడు కొట్టేశాడు. తర్వాత లైను “పీకల్లోతు నీటిలో...” అనేసరికి ఆవిడ లేచింది. “ఎవరి పీకల్లోతు? నీకా, నాకా?” అని లోపలికి పిలిచి బీరువా జరపమంది. ఇల్లంతా సున్నం వేయించారుగానీ బీరువా వెనక వేయలేదు. అక్కడ గోడ మీద గోధుమరంగు చార. ఆవిడ తన కొలత టేపు వాడి మీదకి విసిరింది. నేల నుంచి యాభై ఐదు అంగుళాలు. వాడికి ఛాతీ దాకా, మా తెనాలి పిల్లకి నిజంగానే పీక దాకా. ఆ పిల్లని గోడకి నిలబెట్టి మరీ చూశారు. నాకు నవ్వాగలేదు, తర్వాత ఆ చార పక్కన ఆ పిల్ల నిలబడటం చూస్తుంటే నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఏమోరా.

ఈలోగా ఎదురింటాయన వచ్చి నాకు పరిహారం పైసా ఇవ్వలేదని కేకలు. మావాళ్లు ఆయన చుట్టూ మూగారు, నలుగురు అప్పుడే హెడ్డింగులు పెట్టేశారు. ఆవిడ గుమ్మంలోంచే అంది: “ఆయన అద్దెకొచ్చి ఆర్నెల్లయింది. వరదప్పుడు ఇక్కడ లేడు.” కింద వాటాకి పాతిక వేలు, పై వాటాకి పదివేలు అన్నారుగా, తనకి పాతిక వచ్చిందట, పైవాళ్లకి పదీ వచ్చిందట, పక్క సందులో మాత్రం ఒకరికి రాలేదు, “వాళ్ల పేరు చెప్తా, వెళ్లి అడగండి, నా మాట మీద రాయొద్దు” అంది. నిన్ను అప్పట్లో డెస్కులో కూర్చోబెట్టే బదులు ఈవిడని కూర్చోబెట్టుంటే మీ పేపరుకి ఆ ‘స్వల్ప గాయాలు’ గొడవ వచ్చేది కాదు.

ఇంకోటి చెప్పింది. వరదప్పుడు ఒక ఛానెల్ కుర్రాడొచ్చి, నీళ్లలో నడిచి రామ్మా అన్నాడట. నడిచింది. ఎండ ఎదురుగా ఉంది, ఇంకోసారి నడవమన్నాడట. “చంకలో బియ్యం డబ్బా ఉంది, మళ్లీ వెనక్కెళ్లి మళ్లీ నడిచా. టీవీలో అయితే ఎక్కడా కనపళ్లేదు” అని నవ్వింది. పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లలో ముగ్గురు ఆ ఉద్యోగమే కోరుకుంటున్నారు.

నీకు అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తోంది. మొదట్నుంచీ ఒకమ్మాయి వెనక నిలబడి ఉంది, ఒక్క ముక్క రాసుకోవట్లేదు. క్లాసులో అంతంత మాత్రంగా మాట్లాడే పిల్ల. నేను కళ్లతో అదిలిస్తున్నాను. మేం బయల్దేరుతుంటే ఆవిడే అంది, “ఏమే అమ్మడూ, అందరూ రాసుకున్నారు, నువ్వు రాసుకోవా? రాత్రికి అన్నానికి వస్తావుగా, ఇంట్లో అడుగుతావా ఏంటి?”

వాళ్లమ్మరా!

ఆ టేపు, ఆ బీరువా, తడిసిన సర్టిఫికెట్లు, అన్నీ ఆ పిల్లవే. సందు మలుపు తిరిగేదాకా ఒక్కరూ నోరెత్తలేదు. బస్సులో పక్కన కూర్చుని ఎందుకు చెప్పలేదమ్మా అంటే, “మన మనుషుల గురించి మనం వార్త రాయకూడదని మీరే కదా సార్ చెప్పింది” అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. చెప్పిందీ నేనే, నిజమూ అదే. కానీ ఆ వీధి గురించి ఆ క్లాసులో ఎవరికైనా తెలిసిందంటే ఆ పిల్లకే. తనని పక్కన పెట్టి, గంటసేపు చూసొచ్చిన గడ్డంగాడి చేత రాయించడమా? పోనీ తన అనుభవంగా రాయమందామా అంటే, అప్పుడు తను రిపోర్టరా, బాధితురాలా? పుస్తకాల్లో దీనికి ఒక పేరా ఉంటుంది, చదివాను, అది ఆ పిల్ల మొహం చూస్తూ చదవగలిగే పేరా కాదు. నువ్వయితే ఏం...

ఆగు, గడ్డంగాడు కొత్త లీడ్, అదే వార్తకి మొదటి వాక్యం, పట్టుకొచ్చాడు. ‘సింగ్ నగర్‌లో ఆ ఇంటి బీరువా జరిపితే బుడమేరు ఇంకా కనిపిస్తుంది.’ ఒరేయ్! కన్నీటిపర్యంతం గాడేరా ఇది రాసింది! వీడికి ఉద్యోగం ఎక్కడ వెతకాలో మాత్రం తెలియట్లేదు. లైన్ ఎకౌంటు మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులిచ్చి, మండలంలో తిప్పించే ఉద్యోగమైతే నాకు చెప్పకు. నీ ఛానెల్లో ఏదైనా... సరే అది తర్వాత.

పక్క సందులో పరిహారం రాలేదన్న ఇంటికి నిన్న ఇద్దరు వెళ్లొచ్చారు. కాగితాలు చూశారు, నిజమే. అధికారుల వివరణ కోసం రేపు వెళ్తున్నారు, అది రాకుండా వెయ్యనన్నాను. కానీ ప్రింటుకి పేజీ సాయంత్రానికే కావాలని ప్రెస్సువాడు ఫోన్ల మీద ఫోన్లు. ఆ వార్త తీసేస్తే అక్కడ మూడు కాలమ్‌లు ఖాళీ. ఆ పిల్ల మొదటిసారి తనంతట తనే స్టాఫ్‌రూమ్ గుమ్మంలోకొచ్చి నిలబడింది, చేతిలో రెండు కాగితాలున్నాయి. పేరు వెయ్యాలా వద్దా, నువ్వు చెప్పరా, నీ మాట వింటానని కాదు గానీ... వస్తున్నానమ్మా వస్తున్నా

నీ
సింగిల్ కాలమ్