మన వాలంటీర్ ఫైర్ టీమ్ వార్షిక నివేదిక: ఏం చేశాం, ఇంకా ఏం కావాలి

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు కోశాధికారి గారు మీటింగ్‌లో చదువుతారు కాబట్టి ఇక్కడ పెట్టట్లేదు, చేసిన పని గురించే రాస్తున్నా, కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

ఏడాది మొదట్లోనే కమిటీ ఒక మాట అనుకుంది, మన టైమంతా ఫైరింజన్ చుట్టూ తిరగడానికే అయిపోకూడదు, ఇళ్లల్లోకి కూడా వెళ్లాలి అని. ఎందుకంటే మన దగ్గర జీతాలకి స్టేషన్‌లో కూర్చునే వాళ్లు లేరు, కాల్ వచ్చేసరికి ఒకరు తమ ఉద్యోగంలో ఉంటారు, ఇంకొకరు మంచి నిద్రలో ఉంటారు, అందరూ స్టేషన్‌కి రావాలి, గేర్ వేసుకోవాలి, బండి తియ్యాలి, ఎంత పరిగెత్తినా కొన్ని నిమిషాలు పోతాయి. అమెరికాలో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ వాళ్లు ఈ నిమిషాల లెక్క తేల్చడానికే రెండు గదులు తగలబెట్టి చూశారు, పాతకాలం చెక్క, నూలు సామాన్లున్న గది మొత్తం అంటుకోడానికి దాదాపు అరగంట పట్టింది, ఫోమ్ సోఫా, సింథటిక్ కర్టెన్లున్న ఇప్పటి గది మాత్రం 5 నిమిషాల్లోపే భగ్గుమంది. మనందరి ఇళ్లల్లో ఉన్నది రెండో రకం సామానే. అంటే మేం వచ్చేలోపు ఆ ఇంట్లోవాళ్లు చేసే పనే ప్రాణాలు కాపాడుతుంది, ఈ ఏడాది ట్రైనింగులన్నీ దీని మీదే నడిపాం.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది ఎక్స్‌టింగ్విషర్, అంటే చేత్తో మంటలార్పే సిలిండర్, ప్రాక్టీసు. "పిన్ను లాగు, నొక్కు, అంతేగా" అని వచ్చినవాళ్లలో చాలామందికి అసలు పిన్నే రాలేదు. కారణం చిన్నది, కంగారులో హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకుని పిన్ను లాగుతారు, అలా పట్టుకుంటే పిన్ను లోపలే బిగుసుకుపోతుంది. ఒక పెద్దావిడ రెండుసార్లు లాగి రాక వదిలేయబోయారు, సిలిండర్ కింద పెట్టి, హ్యాండిల్ నొక్కకుండా, పిన్నుని కొంచెం తిప్పి లాగమన్నాం, టక్కున వచ్చేసింది, ఆ తర్వాత పక్కవాళ్లందరికీ ఆవిడే నేర్పారు. ఇంకోటి, 6 కిలోల పౌడర్ సిలిండర్ కూడా అర నిమిషంలోపే ఖాళీ అయిపోతుంది, అందుకే మంట పైభాగానికి కాదు, అడుగుకి కొట్టాలి, బయటికి వెళ్లే దారి ఎప్పుడూ మీ వెనకే ఉండాలి. ఆరలేదా, వదిలేసి బయటికి వచ్చేయండి, తలుపు మూసి రండి. మూసిన తలుపు పొగనీ వేడినీ చాలాసేపు ఆపుతుంది, పడుకునేటప్పుడు కూడా తలుపులు మూసుకోమని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

నూనె మూకుడు అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదని అందరికీ తెలుసు గానీ ఎందుకో తెలిస్తేనే చెయ్యి ఆగుతుంది. నీళ్లు నూనె కిందకి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి, ఆవిరయ్యాక దాదాపు 1700 రెట్లు పెరుగుతాయి, ఆ ఊపుకి మండే నూనె గదంతా చిమ్ముతుంది. స్టవ్ ఆపండి, మూత పెట్టండి, చల్లారేదాకా తియ్యొద్దు. గ్యాస్ వాసనొస్తే స్విచ్ వెయ్యొద్దు, వేసున్నది ఆపొద్దు కూడా, ఎల్‌పీజీ గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది, రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరిచి బయటికి రండి. స్మోక్ అలారం బటన్ నెలకోసారి నొక్కి చూడండి, పదేళ్లు దాటితే బ్యాటరీ కాదు, అలారమే మార్చెయ్యాలి.

సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం, ఆ క్లాసులకి జనం బాగా వచ్చారు, చాలా సంతోషం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకి తగ్గకుండా నొక్కాలి, చేసే మనిషి రెండు నిమిషాలకే అలసిపోతారు కాబట్టి ఇద్దరు మార్చుకుంటూ చెయ్యడం కూడా నేర్పించాం. తుఫాను, వరద జాగ్రత్తల గురించి ఒక్క మాట, మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు, రోజూ వేసుకునే మందులు, టార్చి, ముఖ్యమైన కాగితాలు ఒక సంచిలో విడిగా పెట్టుకోండి.

ఇక మన టీమ్ ఆరోగ్యం. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌ఫైటింగ్ పనినే గ్రూప్ 1 లో పెట్టింది, అంటే ఈ పని వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి తగినన్ని ఆధారాలున్నాయని. మసి పట్టిన జాకెట్టే అనుభవానికి గుర్తు అనే ఆలోచన ఇక మన దగ్గర వద్దు. మంట ఆరగానే స్పాట్‌లోనే గేర్ కడగడం, ఆ గేర్‌ని సొంత కార్లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లకపోవడం, పొగ తగ్గినట్టు కనిపించినా శిథిలాలు తిరగేసేటప్పుడు బ్రీథింగ్ సెట్ (గాలి సిలిండర్, మాస్క్) తియ్యకపోవడం, ఈ మూడూ ఈ ఏడాది నుంచి రూల్. కుర్రాళ్లు వెంటనే అలవాటు పడ్డారు, సీనియర్లు కూడా దారికొస్తున్నారు.

వచ్చే ఏడాదికి మా పెద్ద బెంగ పగటిపూట మనుషులు. రాత్రి కాల్ వస్తే బండి నిండా ఉంటాం, పగలైతే డ్రైవర్ దొరికితే పంపు చూసేవాళ్లుండరు. చిలీలో దేశం మొత్తం ఫైర్‌ఫైటర్లు వాలంటీర్లే, 1851లో అక్కడి వల్పరైసో నగరంలో మొదలైంది ఇప్పటికీ నడుస్తోంది, మనుషులు ముందుకొస్తే ఇది జరిగే పనే. అందరూ మంటల్లోకి దిగక్కర్లేదు, పంపు దగ్గర ప్రెజర్ చూడ్డానికి, రేడియోలో మాట్లాడ్డానికి, ఎవరు లోపలికెళ్లారో ఎవరు బయటికొచ్చారో బోర్డు మీద రాసుకోడానికి కూడా మనుషులు కావాలి, ఆ బోర్డు పని చాలా ముఖ్యం, ఓపికా శ్రద్ధా ఉంటే చాలు, వయసుతో పనిలేదు. పగలు ఊళ్లోనే ఉండేవాళ్లు, రిటైరైనవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు సర్వసభ్య సమావేశంలో పేరివ్వండి, ఏ రోజు ఏ గంటల్లో రాగలరో కూడా రాయండి, దాన్ని బట్టే పగటి రోస్టర్ వేస్తాం.