మన నేవీ తాతగారి గురించి

అందరికీ నమస్కారం. మన వాకింగ్ గ్రూపులో అందరికంటే పెద్దాయన, నేవీ తాతగారు, మొన్న రాత్రి నిద్రలోనే కాలం చేశారు. కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు.

1971 యుద్ధంలో ఆయన ఐఎన్‌ఎస్ విక్రాంత్ అనే విమాన వాహక నౌక బాయిలర్ రూమ్‌లో పనిచేశారు. అప్పటికే ఒక బాయిలర్‌కు పగులు, ఓడ పూర్తి వేగం అందుకోలేదు. అయినా డిసెంబరు 4న దాని మీంచి లేచిన సీ హాక్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద బాంబులు వేశాయి. "నేను చూసిన యుద్ధమంతా ప్రెషర్ గేజే" అని నవ్వేవారు. కుడి మోచేతి మీద స్టీమ్ పైపు కాల్చిన మచ్చ చాలామంది చూసే ఉంటారు.

విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన వైజాగ్ తీరంలోనే మునిగింది కదా. ఎవరైనా ఆ కథ హుషారుగా ఎత్తుకుంటే, "అందులో ఉన్నవాళ్లూ నావికులే నాయనా" అని మాట మార్చేసేవారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

మెడల్స్ పెట్టుకోగా ఎప్పుడూ చూడలేదు. ఇడ్లీకి కారప్పొడి వేయకపోతే మాత్రం హోటల్ వాడితో యుద్ధమే!

ఆదివారం ఉదయం ఆరున్నరకు బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గర కలుద్దాం. ఒక్క దండ చాలు, ఫ్లెక్సీలు వద్దని వాళ్లమ్మాయి గారు మరీ మరీ చెప్పారు. రాలేనివాళ్లు ఫార్వర్డులు పెట్టకుండా, ఆయనతో దిగిన ఫొటోలుంటే ఇక్కడ పెట్టండి. అన్నీ కలిపి ఆవిడకు పంపిస్తాను.