పెదవుల మీద పాలవాసన

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీస్సులు.

సంక్రాంతికి కుట్టించి పంపిన చొక్కా చేతులు మణికట్టు దాకా రావడం లేదని నువ్వు ఫోనులో చెప్పగానే మీ అమ్మ నవ్వింది. నాకు మాత్రం పారశీక కథల్లోని వీరుడు రుస్తుం గుర్తొచ్చాడు.

పారశీక కవి ఫిరదౌసి అంటే మనవాళ్లకు జాషువా పద్యాలు, మాట తప్పిన సుల్తాను. ఆయన 1010లో ముగించిన ఇరాన్ రాజుల కావ్యం షానామాలో పిల్లలకు ఎదగడానికి తీరిక ఉండదు. రుస్తుం కొడుకు సొహ్రాబ్ నెల తిరిగేసరికి ఏడాది బిడ్డలా ఉంటాడు. మూడో ఏట పోలో కర్ర పడతాడు, పదో ఏటికి ఆ నేల మీద వాడితో తలపడగలవాడే ఉండడు. అందులోనే ఇరాన్ రాకుమారుడు కై ఖుస్రో కొంత నయం. గొర్రెల కాపరుల మధ్య పెరుగుతూ, ఏడేళ్లకు కొమ్మ వంచి పేగుతో నారి కట్టి విల్లు చేసుకుంటాడు. తన తండ్రిని చంపించిన తల్లివైపు తాత ముందు నిలబడి వెర్రివాడిలా నటిస్తాడు. మందల సంగతి అడిగితే, ఇక్కడ వేట జంతువులు లేవు, నాకు విల్లూ బాణాలూ లేవు అంటాడు! ప్రాణం దక్కించుకోవడానికి పిల్లవాడు పిల్లవాడిలా నటించవలసి రావడం నన్ను చాలాసేపు వదల్లేదు.

సొహ్రాబ్ తన తల్లిని, సమంగాన్ రాజు కూతురు తహ్మీనాను నిలదీస్తాడు: "మీ నాన్న ఎవరని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?" చెప్పకపోతే నిన్ను బతకనివ్వనని కూడా అంటాడు. అంత బలశాలి నోట వచ్చిన ఆ ప్రశ్న మాత్రం బడి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లవాడిదే.

అక్కడ రుస్తుం ఏమనుకుంటున్నాడో తెలుసా? తన ఇరాన్ మీదికి ఎవడో మహావీరుడు దండెత్తి వస్తున్నాడని కబురు అందుతుంది. సమంగాన్ రాజు కూతురి కడుపున నాకూ ఒక కొడుకున్నాడు, కానీ వాడికింకా యుద్ధమంటే తెలియదు, పెదవుల మీద పాలవాసనైనా పోలేదు అంటాడు. వచ్చేది వాడే. కత్తి దిగాక గాని తండ్రికి తెలియదు.

అందుకే గంజా అనే ఊరి పారశీక కవి నిజామీ అంటే నాకు ఇష్టం. తన కొడుకు ముహమ్మద్‌ను కావ్యాల్లోకే తెచ్చుకున్నాడు. 1188 నాటి లైలా మజ్నూలో వాడికి పద్నాలుగేళ్లు, అచ్చం నీ ఈడే. ఏడేళ్లప్పుడు తోటలో పువ్వులా ఉన్నావు, ఇప్పుడు సరివి చెట్టులా తల ఎత్తావు అంటాడు. కవిత్వం జోలికి పోవద్దు, అందులో ఎంత అబద్ధమైతే అంత అందమట. వైద్యుడివి కా, మనుషుల్ని చంపే వైద్యుడివి మాత్రం కాకు అని కూడా చెబుతాడు. నీ చదువు విషయంలో నేను నోరు మెదపను, భయపడకు.

ఫిరదౌసి కూడా ఒకచోట తన లెక్క రాసుకున్నాడు. కొడుకు పోయేనాటికి తనకు 65, వాడికి 37.

దర్జీకి పోయినేడు కొలతలే ఇచ్చాను. ఈ ఆదివారం ఎవరి చేతనైనా భుజం నుంచి మణికట్టు దాకా కొలిపించి పంపు. ఛాతీ కొలత కూడా.

మీ నాన్న