బేసిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టమనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంట్లో పెంచుకునే ఆకుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. వంటల్లో సువాసనకి వేసే బేసిల్ ఆకు గురించి రెండే ముక్కలు రాశారు. వంటకం పైన అలంకరణగా చల్లుకోవచ్చట, మిగిలింది ఫ్రిజ్‌లో దాచుకోవచ్చట. ఆ రెండో మాట చూశాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

బేసిల్ వేడి ప్రాంతాల మొక్క. పది పన్నెండు డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆకు నల్లబడిపోతుంది. మొదట్లో నేనూ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజులకే మెత్తబడిన కట్టల్ని పారేసిన దాన్నే. ఇప్పుడైతే కాడల చివర్లు కాస్త కోసి, గాజు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి నిలబెడతాను. నీళ్లలో మునిగే ఆకులు తుంచేయాలి, లేదంటే కుళ్లుతాయి. నీళ్లు మారుస్తూ ఉంటే వారం పది రోజుల్లో కాడ అడుగున దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్లు దిగుతాయి. వాటిని మట్టిలో పెడితే కొత్త మొక్కే. నా కిటికీలో ఉన్న నాలుగు కుండీలూ ఒకే కట్టలోంచి వచ్చాయి.

చాలామంది మొక్కని కోయడానికి జంకుతారు. కోయకపోతేనే అది నిటారుగా పెరిగి, పూతకొచ్చి, ఆకు చిన్నబడి చేదెక్కుతుంది. ఒక జత ఆకులకి కాస్త పైన తుంచి చూడండి, ఆ జత మొదట్లోంచి రెండు కొమ్మలు వస్తాయి.

వంటలో ఈ ఆకు సువాసనంతా వేడికి ఎగిరిపోయే నూనెల్లోనే ఉంటుంది. అందుకే స్టవ్ ఆపాక వేయాలి. ఆ నూనెల్లో లినలూల్ అనే పదార్థం ఎక్కువున్న రకం పూల వాసన వేస్తుంది, ఎస్ట్రగోల్ అనేది ఎక్కువైతే సోంపు వాసన. తులసి దీనికి దగ్గరి చుట్టమే కానీ ఇదీ అదీ ఒకటి కాదు. తులసిలో లవంగం ఘాటు యూజినాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఎక్కువ ఆకు ఉన్నప్పుడు మరిగే నీళ్లలో కొన్ని క్షణాలు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, పిండి, నూనెతో రుబ్బి ఐస్ ట్రేలో గడ్డ కట్టిస్తాను. పచ్చదనం పోదు. లేత కాడలు కూడా అందులోనే పడతాయి.

ఒక కుండీని మాత్రం పూతకి వదిలేస్తాను. పొద్దున్నే తేనెటీగలు వస్తాయి. ఎండిన కంకుల్ని అరచేతిలో నలిపితే నల్లటి గింజలు రాలతాయి. అవే సబ్జా గింజలు. ఒక చెంచా గింజలు నీళ్లలో వేస్తే పావుగంటలో ఒక్కో నల్ల చుక్క చుట్టూ లేత నీలం జిగురు పొర కడుతుంది. పొడి గింజలు మాత్రం ఎవరూ మింగకూడదు, గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

కుండీ పెట్టినంత మాత్రాన దోమలు పోతాయని కూడా కొందరు రాస్తున్నారు. మా ఇంట్లో పోలేదు.

ఈ ఉత్తరం మొత్తానికి చోటు లేకపోతే ఫ్రిజ్ గురించీ పొడి గింజల గురించీ రాసిన నాలుగు వాక్యాలైనా దయచేసి వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు