శీనూకి, చిక్కడపల్లి నుంచి

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో "డయాలసిస్ మొదలయ్యాక నాన్నకి షుగర్ దానంతటదే దిగింది రా" అని సంతోషంగా చెప్పావు చూడు, అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. బస్సులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను.

అది జబ్బు తగ్గడం కాదురా. ఒంట్లో ఇన్సులిన్‌ని వదిలించే పనిలో కిడ్నీలదీ పెద్ద వాటా. అవి పనిచేయకపోతే వేసిన ఇన్సులిన్ చాలాసేపు అలాగే ఉండిపోయి షుగర్‌ని దించేస్తుంది. మాకూ తెలీక, అమ్మకి డయాలసిస్ మొదలైన కొత్తలో పాత డోసే వేశాం. ఓ రాత్రి రెండింటికి చూస్తే జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది, నన్ను మామయ్య పేరుతో పిలుస్తోంది. గ్లూకోమీటర్‌లో 48. కంగారులో ఫ్రిజ్‌లోని బత్తాయి జ్యూస్ తీశాను, అక్క చేతిలోంచి లాక్కుంది, "పొటాషియం రా!" అంటూ. కొబ్బరి నీళ్లూ అంతే, వీళ్ళకి గుండె మీదకి తెస్తాయి. మూడు చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి పట్టించాం, పావుగంటకి మళ్ళీ గుచ్చి చూస్తే 82. అప్పుడు గానీ అక్క కూర్చోలేదు.

అప్పట్నుంచి గ్లూకోజ్ పొడి పొట్లం లేకుండా గడప దాటం. మెషీన్ మీద ఉన్న నాలుగు గంటల్లో కూడా షుగర్ పడిపోవచ్చు, అందుకని ఎక్కేముందు, దిగాక వేలు గుచ్చి చూస్తాం. డయాలసిస్ రోజుకి డోసు ఎంతో విడిగా రాయించుకో, నీ అంతట నువ్వు మాత్రం తగ్గించకు, ఆపకు.

ఇంకోటి, హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, 6 వచ్చిందన్నావు కదా, దాన్ని పూర్తిగా నమ్మకు. రక్తం తక్కువగా ఉండి, రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు కూడా వేస్తుంటే ఆ అంకె ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. రోజూ చూసిన అంకెలు నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌గారికి చూపించు. పాత మందుల డబ్బాలో మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్లలు మిగిలుంటే ఆయనకే చూపించి పక్కన పెట్టేయ్, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి అవి పనికిరావు.

అలాగని షుగర్ పెరిగినా పర్లేదనుకోకు, పెరిగితే దాహం ఆగదు, తాగిన నీళ్లన్నీ బరువై కూర్చుంటాయి. మొన్న ఎండకి అమ్మ గ్లాసు మీద గ్లాసు అడుగుతుంటే ఇవ్వలేక నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున వస్తాను. స్ట్రిప్స్ ఓ డబ్బా తెస్తా, మీటర్ ఏ కంపెనీదో ఫొటో తీసి పంపు. ఈ రాత్రికి మాత్రం పడుకునే ముందు నాన్నగారికి ఒకసారి చెక్ చేయి, తక్కువుంటే వెంటనే నాకు ఫోన్ చేయి, ఎంత రాత్రైనా సరే.

నీ
రాజు